చెవి తీగ

ప్రపంచాన్ని మార్చేస్తుందని మా డాక్టర్ పరాంకుశం గారు చూడ్డానికొచ్చిన ప్రతివారికీ చెప్పే యంత్రం, బ్యూటీ పార్లర్లో జుట్టు ఆరబెట్టే గిన్నెలా ఉంటుంది. నిజానికి అవి రెండు గిన్నెలు. ఒకదాని కింద జ్ఞాపకం ఇచ్చేవాళ్లు కూర్చుంటారు, రెండోదాని కింద పుచ్చుకునేవాళ్లు. ఇచ్చేవాళ్లు ఆనాటి మాట ఏదో ఒకటి పైకి అని కళ్లు మూసుకుంటే చాలు, పుచ్చుకునేవాళ్లకి ఆ రోజంతా కళ్లముందు జరిగిపోతుంది. డాక్టర్ గారు దానికి పెట్టిన పేరు చదవాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి. ఆయన లేనప్పుడు మేమందరం గిన్నె అనే అంటాం.

గిన్నెకి అయిదు తీగలు. కంటిది, చెవిది, ముక్కుది, నాలుకది, చర్మానిది. వాటిని సరిగ్గా గుచ్చడం నా ఉద్యోగం. నా పేరు ఇందీవర. నల్లకలువ అని అర్థం. ఆడపిల్లగా మారాక ముచ్చటపడి నిఘంటువులో వెతుక్కుని మరీ పెట్టుకున్నాను. మా ఇంట్లో ఇద్దరు ముసలమ్మలకీ అది నోరు తిరగక ఇందూ అని కత్తిరించేశారు. నిఘంటువుతో పడ్డ కష్టమంతా గంగపాలు.

గిన్నె గురించి ఇంకొక్క సంగతి చెప్పాలి. మామూలుగా మనం దేన్నయినా గుర్తు చేసుకున్నప్పుడల్లా దానికి కాస్త రంగో రుచో కలిపి మళ్లీ లోపల పెట్టుకుంటాం. గిన్నెలోంచి ఒకసారి బయటికొచ్చిన జ్ఞాపకం ఆ తర్వాత మారదు. పాలు తోడుకున్నట్టు గట్టిపడిపోతుంది. ఏ తీగ ఊడి ఉంటే అది లేకుండానే తోడుకుంటుంది.

ఈ రెండో ముక్క కనిపెట్టింది నేనే, గొప్పలు చెప్పుకోకూడదు గానీ. ఉద్యోగంలో చేరిన రెండోరోజున సూర్యప్రకాశం గారనే రిటైరైన పోస్టుమాస్టరు తన పెళ్లి జ్ఞాపకం ఇవ్వడానికొచ్చారు. నేను ముక్కు తీగ గుచ్చడం మరిచిపోయాను. ఆయన పెళ్లిలో సాంబారు మాడిందట. నలభై ఏళ్లుగా ఆ మాట అని అత్తవారిని దెప్పని పండగ లేదట. మర్నాటి నుంచి ఆయనకి ఆ మాడు వాసన గుర్తులేదు. వాసన సరే, ఇన్నేళ్లూ తను మామగారిని ఎందుకు దెప్పుతున్నాడో కూడా గుర్తులేదు. "ఏం మాడిందీ?" అని ఎదురడిగాడట. వారంలోగా వాళ్లావిడ నాకు డబ్బాడు బొబ్బట్లు పట్టుకొచ్చింది. డాక్టర్ గారు మాత్రం మెమో ఇచ్చారు.

ఇదంతా జరుగుతూండగా మా ప్రయోగశాలకి పెద్ద పనొకటి వచ్చింది. డెబ్భై ఒకటి యుద్ధానికి అరవయ్యేళ్లు నిండుతున్నాయి. ఆ రోజుల్లో విశాఖపట్నంలో సైరన్లు విని, కిటికీలకి నల్లకాగితాలు అంటించి, దీపాలు ఆర్పించిన మామూలు మనుషుల జ్ఞాపకాలు పోగుచెయ్యాలి. ఊరికి మేలు చేసినవాళ్ల పేర్లు బీచ్ దగ్గర కొత్తగా కడుతున్న గోడ మీద చెక్కుతారు. ఒకటే షరతు. ఒకే సంఘటన గురించి ఇద్దరు ఇచ్చిన జ్ఞాపకాలు ఒకదానితో ఒకటి సరిపోవాలి.

ఈ మాట ఇంట్లో నోరుజారి చెప్పాను.

*

మా ఇల్లు కంచరపాలెంలో, ఫ్లైఓవరు పక్కన. నన్ను చేరదీసి కూతుర్ని చేసుకున్న నూకరత్నమ్మని నేను అమ్మ అంటాను. వయసు డెబ్భై ఎనిమిది. ఆవిడకి చప్పట్లు కొట్టడం నేర్పిన మంజువాణమ్మని అమ్మ అప్ప అంటుంది, నేను పెద్దమ్మ అంటాను. వయసు ఎనభై మూడు. వాళ్లిద్దరూ అరవయ్యేళ్లుగా ఒకే పొయ్యి మీద వండుకుంటూ, ఉప్పెవరు ఎక్కువేశారో ఈనాటికీ తేల్చుకోలేదు.

రోజూ సాయంత్రం వరండాలో టీ తాగేటప్పుడు మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఆ రోజు గెలిచిన గెలుపు ఒక్కటైనా ఎవరికి వాళ్లు చెప్పాలి. చెప్పకపోతే బిస్కట్ లేదు.

"ఈయేల మందుల కొట్టాయన 'ఏం కావాలి మేడం' అన్నాడే," అంది ఆ సాయంత్రం అమ్మ.

"తలెత్తి సూడకుండా అన్నాడా, సూసినాక అన్నాడా?" పెద్దమ్మ ఇలాంటి వాటిలో మహా గట్టి జడ్జి.

"సూడకముందు ఒకపాలి. సూసినాక ఇంకోపాలి."

"అయితే గెలుపే. బిస్కట్ తీసుకో. నాది ఇను. బస్సులో ఆడోల్ల సీట్లో కూకున్నానా, ఒకావిడొచ్చి జరగమన్నాది. లెగమన్లేదే పిల్లా, జరగమన్నాది! ఆ యెనక నా ఒళ్లో ఆవిడ కూరల సంచీ పెట్టీసి టికెట్టు తీసుకున్నాది."

ఆ సంచీ ఎంత బరువుందో, వంకాయలు ఎలా ఉన్నాయో కూడా చెప్పింది. నా వంతు వచ్చింది. ఆఫీసులో ఆడవాళ్ల బాత్రూములో సబ్బు అయిపోయినా చెప్పలేదని ఒకావిడ నన్ను అందర్నీ కసిరినట్టే కసిరిందన్నాను. ఇద్దరూ చాలా సంతోషించి నాకు రెండు బిస్కట్లు ఇచ్చారు.

అప్పుడే గోడ సంగతి జారింది. అమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

"ఏ పేరు సెక్కుతారు? నూకరత్నమనే సెక్కుతారా?"

"జ్ఞాపకం ఇచ్చేవాళ్లు ఏ పేరు చెబితే ఆ పేరే."

"బళ్లో రాయించిన పేరు అడగరా?"

"అడగరమ్మా."

బడి రిజిస్టరులో, ఆసుపత్రి కాగితంలో, పోలీసు స్టేషన్లో, వెళ్లిన ప్రతిచోటా ఆ పాత పేరు ఆవిడకంటే ముందే వెళ్లి కుర్చీలో కూర్చునేది. ఒక్క రాతి మీదైనా తన పేరు తనదిగా ఉండాలన్నది ఆవిడ కోరిక. పెద్దమ్మ మాత్రం టీ చల్లారిందంటూ లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ గ్లాసులో టీ పొగలు కక్కుతూనే ఉంది.

అమ్మ కథ మొదలుపెట్టింది. ఇంటికొచ్చిన గ్యాసు మనిషి దగ్గర్నుంచి జనాభా లెక్కలావిడ దాకా అందరూ విన్న కథే.

అప్పటికి ఆవిడకి పద్దెనిమిదేళ్లు. ఇల్లు వదిలి వచ్చి నెల. ఉప్పుగిడ్డంగి వీధిలో ఎవరికో పిల్ల పుడితే దీవించడానికి ఇద్దరూ బయల్దేరారు. చప్పట్లు కొట్టుకుంటూ అలా వెళ్లడం అమ్మకి అదే మొదటిసారి. పొద్దుగూకుతోంది. రేవు వైపు సైరన్ మోగింది. నాలుగు రోజులుగా అది మోగడం, ఏమీ జరక్కపోవడం జనానికి అలవాటైపోయి వీధిలో ఒక్కరూ దీపం ఆర్పలేదు. భుజంగరావు మాస్టారని ఆ వీధిలో దీపాలు ఆర్పించాల్సిన వార్డెన్, బళ్లో డ్రిల్లు చెప్పే ఆయన, రేకు టోపీ పెట్టుకుని విజిలు ఊది ఊది గొంతు పోయి అరుగు మీద కూలబడ్డాడు.

"మమ్మల్ని సూసి సేతులు రెండూ జోడించీసినాడు," అంది అమ్మ. "'అమ్మా, మీరైనా కాస్త చెప్పండమ్మా' అన్నాడు. పుట్టి పద్దెనిమిదేళ్లకి నన్ను అమ్మా అన్నోడు ఆయనేనే ఇందూ. ఇంక ఆగుతానేటి? అప్పా నేనూ చప్పట్లు కొట్టుకుంటా 'దీపాలార్పండి తల్లీ, దీపాలార్పండి నాయనా' అని ఎల్లినాం. మొదట కిరాణా కొట్టు ఆర్పినాడు. ఆ పక్కన మేడ. ఆ పక్కన టైలరు. గడప గడపకీ నిలబడి దండాలు పెట్టి ఆర్పినారు. ఇరవయ్యారు ఇళ్లు! ఇమానాలొచ్చి ఊరెక్కడరా అని ఎతికి ఎతికి ఎల్లిపోనాయి."

లోపల పెద్దమ్మ గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేస్తూ కడుగుతోంది.

*

మూడు రోజుల తర్వాత అమ్మ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, జడలో కనకాంబరాలతో ప్రయోగశాలకి వచ్చింది. గిన్నె చూసి, "దీనికి ఎంత పుచ్చుకుంటారు, రంగు కూడా ఏస్తారా?" అని డాక్టర్ గారినే అడిగింది. ఆయన ఉప్పొంగిపోయి యంత్రం పూర్తి పేరు చెప్పారు. "అలాగే బాబూ," అంది.

పుచ్చుకునే గిన్నె కింద డాక్టర్ గారే కూర్చున్నారు. అమ్మ "అమ్మా, మీరైనా కాస్త చెప్పండమ్మా" అని కళ్లు మూసుకుంది. పది నిమిషాలయ్యాక డాక్టర్ గారు గిన్నె తీసి కళ్లజోడు తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు.

"అద్భుతమండీ నూకరత్నం గారూ. వీధి వీధంతా మీకు నమస్కారం పెట్టింది. కాకపోతే చిన్న అనుమానం. ఆ వీధి చివర ఫ్లైఓవరు ఎందుకుందండీ?"

"ఉండదా మరి? రోజూ దాని పక్కన కూకునే కదా సెప్తాను."

"డెబ్భై ఒకటిలో ఫ్లైఓవరు లేదు కదండీ. అలాగే ఈ ఆకుపచ్చ చీర..."

"ఇది ఎనభైనాలుగులో కొన్నాను. ఆ రోజు ఏటి కట్టుకున్నానో గురుతు నేదు. ఏదో దరిద్రపుదే అయ్యుంటాది. గోడ మీద పేరు పడతాదంటే మంచి చీర కట్టుకోవద్దేటి?"

అరవయ్యేళ్లు చెప్పిన కథ ఫ్లైఓవరుతో, పట్టుచీరతో సహా తోడుకుపోయింది. ఇక ఎప్పుడు గుర్తు చేసుకున్నా అమ్మకి యుద్ధంలో ఫ్లైఓవరు ఉండి తీరుతుంది. డాక్టర్ గారు మంచివారు, కొట్టిపారెయ్యలేదు. మంజువాణి గారి జ్ఞాపకంలో కూడా ఆ ఇరవయ్యారు ఇళ్లూ అదే వరసలో ఆరితే పేర్లు పంపిస్తానన్నారు. పదిరోజులు గడువిచ్చారు.

పెద్దమ్మ ఒప్పుకోలేదు.

మొదట తలనొప్పి అంది. తర్వాత గిన్నె పెట్టుకుంటే జుట్టు ఊడుతుందంది. ఊడడానికి పెద్దగా ఏం మిగిలిందని అమ్మ అనేసరికి మాటామాటా పెరిగింది.

"నా పేరు గోడెక్కతాదంటే కళ్లల్లో నిప్పులు పోసుకుంటన్నావు! సక్కా పక్కనే నీ పేరూ ఉంటాది కదా!"

"నాకొద్దు. ఏ గోడా వద్దు. ఆ యుద్ధం ఊసే వద్దు."

"అవునులే. వార్డెను నా వంక సూసి అమ్మా అన్నాడని నీకు అప్పటి నుంచీ కడుపుమంట."

పెద్దమ్మ నోరు తెరిచి, ఏదో అనబోయి, మళ్లీ మూసేసింది. ఆవిడ నోరు తెరిచి మాట లేకుండా మూయడం నేను చూసింది అదొక్కసారే.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. సాయంత్రం గెలుపులూ లేవు, బిస్కట్లూ లేవు. వరండాలో చెరో మూలా కూర్చుని నా ద్వారా మాట్లాడుకునేవారు. "ఇందూ, పాలు పొంగిపోతన్నాయని ఆవిడికి సెప్పు" అని అమ్మ నన్ను కేకేసింది. నేను స్నానం చేస్తున్నాను. నేను బయటికొచ్చి చెప్పేసరికి పాలు పొయ్యి కిందికి కూడా చేరాయి.

ఏడో రోజు ఆదివారం. అమ్మ రేషను కోసం వెళ్లింది. పెద్దమ్మ పెరట్లో మెత్తళ్లు బాగుచేస్తోంది. నేను పక్కన కూర్చుని చేపలకి తలలు తుంచుతూ, ఎందుకు పెద్దమ్మా ఇంత పంతం అని అడిగాను. ఆవిడ ఇంకో గుప్పెడు చేపలు ముందుకి లాక్కుంది.

"జనం దణ్ణాలెట్టినారని అది సెప్తాది కదా," అంది చివరికి. "ఒక్కడు పెట్టనేదే."

"మరి దీపాలు?"

"ఆర్పినారు. ఇరవయ్యారు ఇళ్లూ ఆర్పినారు. ఎందుకార్పినారు? 'కొజ్జోళ్లు వస్తన్నారు, దీపం తీసీండి, తలుపేసీండి, ఇంట్లో ఎవులూ లేనట్టు గమ్మునుండండి' అని. కిరాణా కొట్టోడు అన్నాడు, మేడ మీదావిడ అన్నాది, టైలరు అన్నాడు. ఇంటింటికీ అదే మాట. దీవించడానికొచ్చి డబ్బులడుగుతామని భయం. సైరనుకి ఆర్పనోళ్లు మన చప్పట్లకి ఆర్పినారు."

నాకు మొదట నవ్వొచ్చింది. తప్పే, కానీ వచ్చింది. శత్రు విమానాలకి భయపడని వీధి చందా ఇవ్వాల్సొస్తుందని చీకట్లో ముడుచుకు కూర్చుందంటే నవ్వు రాదా? పెద్దమ్మ కళ్లు చూశాక ఆ నవ్వు ఎటు పోయిందో తెలియదు.

"అమ్మ వినలేదా?"

"ఇననిచ్చానేటి! ఇల్లొదిలొచ్చి నెల దినాలైన పిల్ల. మొదటిపాలి వీధిలోకి వచ్చినాది. వార్డెను అమ్మా అన్నాడని గాల్లో తేలిపోతన్నాది. ఆ మాటలు దాని సెవిలో పడితే సచ్చిపోద్దనిపించినాది. సేతులు దాని సెవి పక్కనెట్టి నా బలం కొద్దీ చప్పట్లు కొట్టినాను. వాళ్లు తిట్టినకొద్దీ ఇంకా గట్టిగా. నాలుగు రోజులు అరిసేతులకి నూనె రాసుకున్నాను. దానికేటి తెలుసు? 'సెవుడొస్తాదే అప్పా' అని ఉల్టా నన్ను తిట్టినాది."

చేప పొలుసున్న చేత్తోనే కళ్లు తుడుచుకోబోతే నేను పట్టుకుని ఆపాను.

"ఇప్పుడు నేనా గిన్నె కింద కూకుంటే అదంతా ఆ డాక్టరు బాబు నోటెంట దాని సెవిలో పోసినట్టే కదా. అరవయ్యేళ్లు దాసింది ఆపాటి గోడ కోసం పొయ్యమంటావా? పొయ్యకపోతే దాని పేరు పడదంటారు. నన్నేటి సెయ్యమంటావే?"

ఆవిడకి కాక నాకే తోచింది ఆ మాట. తోచాక నోట్లో దాచుకోలేకపోయాను. చెవి తీగ పీకేస్తే పుచ్చుకునేవాళ్లకి బొమ్మ వస్తుంది, మాట రాదు. దీపాలు వరసగా ఆరడం కనిపిస్తుంది, గోడకి అదే కావాలి. కాకపోతే పెద్దమ్మకి కూడా ఆ సాయంత్రం మాటలన్నీ పోతాయి, ఎందుకు దాచిందో కూడా పోతుంది. సాంబారు కథ చెప్పాను.

"పోతే పీడా పోద్ది," అంది వెంటనే. తర్వాత చేపల గిన్నెలో నీళ్లు పోసింది. "వార్డెను అమ్మా అన్నది కూడా పోతాదా?"

"అది కూడా పోతుంది పెద్దమ్మా. చప్పట్లు కూడా."

"నన్నూ అన్నాడే ఆయన. నూక తన్నొక్కదాన్నే అన్నాడనుకుంటాది గానీ, ఇద్దర్నీ సూసే అన్నాడు." మెత్తళ్లని రెండుసార్లు కడిగింది. కడిగినవాటినే మూడోసారి కడిగింది. "పోనీలే. ఆ మాట నూక దగ్గరుంది కదా. అడిగి సెప్పించుకుంటాను. అదేమన్నా పిసినారా, అడక్కపోయినా సెప్తాది."

*

మంగళవారం ఇద్దర్నీ తీసుకెళ్లాను. ఆటోలో నేను మధ్యలో కూర్చున్నాను, సరిహద్దులా. పుచ్చుకునే గిన్నె కింద తనే కూర్చుంటానని అమ్మ పట్టుబట్టింది. "ఆవిడ నిజం సెప్తాదో నేదో నేనే సూస్తాను. మధ్యలో ఈ బాబెందుకు?" అంది. డాక్టర్ గారు నొచ్చుకుంటూ పక్కగదిలోకి వెళ్లారు.

అయిదు తీగలూ గుచ్చాను. పెద్దమ్మ నా వంక చూసింది. ఇలాంటి పని ఉద్యోగం ఊడగొడుతుందని నాకు తెలుసు. ఒక మనిషి తలలోంచి ఒక సాయంత్రపు చప్పుడు మొత్తం శాశ్వతంగా తీసెయ్యడం ఎంత పెద్ద పనో కూడా తెలుసు. చెవి తీగ పీకేశాను.

"దీపాలార్పండి తల్లీ," అని పెద్దమ్మ కళ్లు మూసుకుంది.

నేను అమ్మ మొహమే చూస్తూ కూర్చున్నాను. మొదట చిన్నగా నవ్వింది. తర్వాత నోరు తెరుచుకుంది, పిల్లలు జాతరలో రంగులరాట్నం చూసినట్టు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. కుర్చీ చెయ్యిని పట్టుకున్న వేళ్లు బిగుసుకున్నాయి. నేను తీగ వంక చూసుకున్నాను. అది నా ఒళ్లోనే ఉంది. మాట వెళ్లే దారి లేదు.

అయిపోయింది. ఇద్దరూ గిన్నెలు తీశారు.

"ఏటే నూకా?" పెద్దమ్మ గొంతు పీలగా వచ్చింది. "ఎలగున్నాది?"

అమ్మ లేచి వెళ్లి ఆవిడ రెండు అరచేతులూ తిప్పి చూసింది.

"నేను సెప్పినట్టే ఉన్నాది అప్పా," అంది. "అచ్చం నేను సెప్పినట్టే. ఫ్లైఓవరొక్కటే నేదు."

పెద్దమ్మ ఊపిరి వదిలింది. "నాకేదో భయమేసినాది పొద్దున్న. ఎందుకో ఏటో. నీకేదో సెప్పినాను కదే ఇందూ, సేపలకాడ?"

"గుర్తులేదు పెద్దమ్మా," అన్నాను. ఆవిడకి మంచినీళ్లు తెస్తానని చెప్పి బయటికి వచ్చేశాను.

ఫిల్టరు దగ్గర అమ్మ నా వెనకే వచ్చి జబ్బ పట్టుకుంది.

"తీగ పీకినావు కదూ?"

నేను గ్లాసు ఫిల్టరు కింద పెట్టాను.

"పీకితే ఏటి లాభమే పిచ్చిదానా? ఆ మాట జనం పెదాల మీద ఎలగుంటాదో అరవయ్యేళ్లుగా సూస్తన్నాను. బస్సుల్లో సూసినాను, కిటికీల్లో సూసినాను, కోర్టులో సూసినాను. నాకది ఇనక్కర్నేదు."

నాకు ఏడుపొచ్చేసింది. అంత పెద్ద శాస్త్రం, అంత పెద్ద దొంగతనం, చివరికి ఒక ముసలావిడ కంటిచూపు ముందు ఎందుకూ పనికిరాలేదు. అమ్మ తన పట్టుకొంగుతో నా మొహం తుడిచింది. పట్టుతో తుడిస్తే ఏమీ తడి ఆరదు, ఆవిడ తుడుస్తూనే ఉంది.

"అందరూ అదే మాట," అంది. "మేడ మీదావిడ చంటిపిల్లనెత్తుకుని మరీ అన్నాది. ఇన్నాళ్లూ నాకు దణ్ణం పెట్టినాదనుకున్నాను." కొంగు దులుపుకుంది. "పక్కన అప్ప సేతులు సూసినాను. ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆగనేదే. ఒక్క ఇంటికాడా ఆగనేదు. ఆ రోజు తిట్టినాను దాన్ని. మొన్న కూడా తిట్టినాను."

"అమ్మా, గోడ మీద పేరు వద్దంటే..."

"ఎందుకొద్దు?" ఉలిక్కిపడింది. "దీపాలు ఆరినాయా నేదా? భయపడి ఆర్పితే ఒక చీకటీ, గౌరవపడి ఆర్పితే ఇంకో చీకటీ ఉంటాదేటి? పైన ఇమానమోడికి తేడా తెలుస్తాదా?" ఆవిడ గొంతులో పాత కోపం, దాని వెనకే నవ్వు వచ్చాయి. "సైరనుకి భయపడనోళ్లు, బాంబులకి భయపడనోళ్లు, నన్ను సూసి భయపడ్డారే! పద్దెనిమిదేళ్ల పిల్లని! సన్నగా ఈనుపుల్లలా ఉన్నాను. అప్ప పాత గళ్లచీర కట్టుకుని, ఇంత నోరేసుకుని నవ్వుతా నడుస్తన్నాను. నన్ను నేను సూసుకోనేదు కదా ఎప్పుడూ. ఎంత బాగున్నానే ఇందూ!"

ఆ నవ్వుతోనే ఏడ్చేసింది. తర్వాత ముక్కు చీదుకుని, బొట్టు సరిచేసుకుని, వేలు చూపించింది.

"అప్పకి తెలిసిందో, నీ సెవి తీగ పీకుతాను."

*

డాక్టర్ గారు సాయంత్రం యంత్రంలో దాచి ఉన్న ఆ జ్ఞాపకం చూసి నన్ను పిలిపించారు. ఇరవయ్యారు ఇళ్లూ ఒకే వరసలో ఆరాయి, అన్నీ సరిపోయాయి, కానీ చప్పుడు లేదేమని అడిగారు. నేను తల వంచుకున్నాను.

"మళ్లీనా ఇందీవరా!" అని ఆయన నెత్తి కొట్టుకున్నారు. నా తెలివితక్కువతనం మీద ఆయనకున్న నమ్మకం మొదటిసారి నాకు పనికొచ్చింది. మెమో ఇచ్చారు, నెలరోజులు గిన్నె ముట్టుకోవద్దని ఫైళ్ల గదికి పంపారు. పేర్లు మాత్రం పంపించారు.

గోడ తెరిచిన రోజు మంత్రిగారు, బ్యాండు మేళం, ఎండ. నూకరత్నం, మంజువాణి అని పక్కపక్కనే చెక్కారు. పెద్దమ్మ పేరులో ణ సరిగ్గా రాలేదని ఆవిడే కాంట్రాక్టరుని పట్టుకుని అరగంట తగువాడింది. అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. చెక్కిన అక్షరాల్లో వేలు పెట్టి నూ నుంచి సున్నా దాకా మెల్లగా గీసుకుంది. వెనక వరసలో జనం ఆగారు. ఎవరో జరగమన్నారు. జరగలేదు.

ఇంటికొచ్చి టీ పెట్టుకున్నాం. ఆ రోజు గెలుపు ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. అందరికీ బిస్కట్లు వచ్చాయి. పెద్దమ్మ ఈమధ్య రోజూ చేస్తున్నట్టే గ్లాసు పట్టుకుని అమ్మ పక్కకి జరిగింది.

"సెప్పు నూకా. వార్డెను ఏమన్నాడు?"

"అమ్మా అన్నాడు. 'అమ్మా, మీరైనా కాస్త చెప్పండమ్మా' అన్నాడు."

"నిన్నేనా?"

"ఇద్దర్నీని. ముందు నిన్నే అన్నాడు, ఆ యెనక నన్ను."

అమ్మ కథ మార్చడం నేను చాలాసార్లు విన్నాను గానీ, తనని వెనక్కి జరుపుకుని మార్చడం అదే మొదలు. గిన్నెలో తోడుకున్న జ్ఞాపకం మారదని డాక్టర్ గారు రాసిన పుస్తకంలో ఉంది. నోరు మారదని ఎక్కడా లేదు.

పెద్దమ్మ సంతోషంగా టీ తాగింది. మధ్యలో ఆగి, ఏదో గుర్తు తెచ్చుకోవాలన్నట్టు కనుబొమలు ముడిచింది.

"కానీ ఒక్కటి అంతు పట్టదే. అంత మొండి జనం. సైరన్ మోగితే ఇననేదు, విజిలూదితే ఇననేదు. మనం సెప్తే దీపాలు ఎందుకార్పినారే?"

నా బిస్కట్ టీలో పడిపోయింది. అమ్మ మాత్రం తడుముకోలేదు.

"ఎందుకేటి అప్పా? నువ్వు సెప్పినావు, ఆల్లు ఇన్నారు."

పెద్దమ్మ ఖాళీ గ్లాసు కింద పెట్టింది.

"అప్పటి జనం మంచోల్లేనే," అంది.

"మంచోల్లే," అంది అమ్మ.